అరచెయ్యంత చోటు, ఒక్క రోజు

నా పేరు ఎస్తేరమ్మ. ఆధార్ కార్డులో వయసు డెబ్భై రెండని ఉందట, ఒకటి రెండు అటూ ఇటూ ఉండొచ్చు. ఉండేది నార్సింగిలో, చర్చి వెనక సందులో, రెండు గదుల కిరాయి ఇంట్లో. మొన్నటి దాకా ఇంట్లో ముగ్గురం: నేను, మా ఆడబిడ్డ, ఆమె కూతురు సునీత. ఇప్పుడు ఇద్దరం. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే సునీత రాస్తోంది. ఇందులో కన్నతల్లి గురించి కూతురు రాయలేని మాటలు వస్తాయి. నా గురించి అంతకన్నా కష్టమైనవి వస్తాయి. ఒక్కటి కూడా తీసేయనని ముందే మాట తీసుకున్నాను.

మా ఆడబిడ్డ పోయిందన్న కబురు గచ్చిబౌలిలోని దవాఖాన నుంచి పొద్దున పదకొండింటికి వచ్చింది. నేను ఆమెకు పట్టుకెళ్లడానికి జావ కాస్తున్నాను. ఫోనులో సునీత "అత్తమ్మా" అని ఆగిపోయింది. నాకు అంతే చాలింది. స్టవ్ ఆపడం మరచాను. జావ అడుగంటి మాడింది. ఆ గిన్నె ఇంకా తోమలేదు.

భూస్థాపన అయిన మూడో రోజు ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. సంఘపెద్ద ప్రార్థన చేస్తూ, ఈ సహోదరి చేతుల వల్ల ఒక మనిషికి కలిగిన హానిని క్షమించమని ప్రభువును అడిగాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. తర్వాత ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పమన్నారు. అందరూ ముందు నావైపే చూశారు, ఇరవై ఏళ్లకు పైగా ఒకే కప్పు కింద ఉన్నదాన్ని కదా. లేచి నిలబడ్డాను. మా ఆడబిడ్డ వంట బాగా చేసేదని చెప్పి కూర్చున్నాను. ఆమె జన్మలో ఒక్క పూట అన్నం సరిగ్గా వండలేదు. చిమిడితే చిమిడేది, లేదంటే పలుకు. ఆమె గురించి నేనిచ్చిన ఒక్క సాక్ష్యం అబద్ధం. ఈ కాగితం దాన్ని దిద్దడానికి. నలభయ్యో రోజు కూడికలో దీన్ని చదవాలి. మేం చదవబోమంటే చర్చి తలుపుకు అంటిస్తాను.

మాదాపూర్‌లో హాస్టళ్లు కిక్కిరిసిన ఒక సందులో ఆమెకు ఒక్క గది బ్యూటీ పార్లర్ ఉండేది. రెండు కుర్చీలు, ఒక మంచం, మధ్యలో ఆకుపచ్చ పరదా. పొద్దున, సాయంత్రం ఆఫీసుల ఆడపిల్లలు కనుబొమ్మలకు వచ్చేవాళ్లు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈగ కూడా వాలేది కాదు. ఆ రెండు గంటలు ఆమె వేరేవాళ్లకు ఇచ్చింది.

మొదట వచ్చినతను నాకు బాగా గుర్తు. మెడలో కంపెనీ కార్డు, అంత ఎండలోనూ మణికట్టు దాకా గుండీలు పెట్టిన చొక్కా. గుమ్మం బయటే నిలబడి, చెల్లెలికి కాళ్ల మీద వెంట్రుకలు తీయాలి, ఏ పద్ధతి మంచిదని అడిగాడు. చెల్లెలి వయసెంతంటే తడబడ్డాడు. చర్మం ఎలాంటిదంటే నేల చూశాడు. మా ఆడబిడ్డ చేతిలో దారం దించకుండానే అన్నది:

"చెల్లెకైతే చెల్లెను పంపు. నీకైతే చెప్పులిడిచి లోపలికి రా."

అతను సందులో అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచాడు.

ఆ రోజంతా నేను ఆమెతో మాట్లాడలేదు. మర్నాడు మాత్రం, బోర్డు మీద ఆడవాళ్లకు మాత్రమే అని రాసి ఉందట కదా, మగవాళ్లను ఎట్లా రానిస్తావని నిలదీశాను. "నీకు చదవరాదు గద వదినె, ఇగ నీకేంది పరేషాన్" అన్నది. ఆ మాటకు వారం రోజులు మండిపడ్డాను. మండిపడుతూనే గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాను.

అట్లా ఏడేళ్లు. ఎవరి పేరూ అడగనిచ్చేది కాదు. పెళ్లయినవాళ్లు వచ్చారు, కానివాళ్లు వచ్చారు. ఇంట్లో తలుపు వేసుకుని చీర కట్టుకునేవాళ్లు కొందరు, తమలాంటి నలుగురి మధ్య కట్టుకునేవాళ్లు కొందరు. కొత్తగా వచ్చినవాళ్లందరిదీ ఒకటే కోరిక, ఒంటి మీద వెంట్రుక అన్నది ఇవాళే మొత్తం పోవాలి. ఆమె వాళ్లను మంచం మీద కూర్చోబెట్టి మూడు సంగతులు అడిగేది. నిన్న ఒంటికి ఏం చేశావు? వచ్చే వారం నీ ఒళ్లు ఎవరు చూస్తారు? పోయింది మళ్లీ రావాలా, వద్దా? వీటికి జవాబు వచ్చాకే పద్ధతి సంగతి.

ఇంట్లో తెలియకూడదు అన్నవాళ్లకు ట్రిమ్మర్ చాలనేది. కురచగా చేసుకుంటే ఎవరూ గుర్తుపట్టరు, పైన ఒంటిరంగు పొడుగు మేజోళ్లు వేసుకుంటే తేడా కనపడదు. బ్లేడు సులువే, మూడో రోజుకు గరుకు తేలుతుంది, పాత బ్లేడైతే పొక్కులు. క్రీముకు నొప్పి లేదు, వాసన ఉంది, పడకపోతే ఒళ్లు కాలుతుంది. చక్కెర పాకంతో పీకితే రెండు మూడు వారాలు నున్నగా ఉంటుంది, కానీ వెంట్రుక బియ్యపు గింజంత పెరిగి ఉండాలి, లేకపోతే పాకానికి అంటదు. గడ్డం మీద పాకం పెట్టనే పెట్టేది కాదు. గోరువెచ్చని నీళ్లు, మంచి బ్లేడు, వెంట్రుక వాలిన దిక్కుకే గీయాలి, అంతకు మించి ముఖంతో ఆటలొద్దనేది. ఒకాయన వచ్చీ రాగానే లేజర్ సంగతి అడిగాడు. ఇంకా చీరనే కొనలేదు, అప్పుడే లేజరా అని నవ్వింది. అది చర్మం డాక్టరు దగ్గర చాలాసార్లు తిరిగి చేయించుకునే పని, వెంట్రుకలు వెనక్కి రాకపోయినా ఫికర్ లేదని మనసు గట్టిపడ్డాకే పొమ్మన్నది. ఇంకొకతను కనుబొమ్మలు సన్నం చేయమని బతిమాలాడు.

"కాళ్లకైతే ప్యాంటు ఉన్నది. కనుబొమ్మలకేం తొడుగుతవ్?"

ఏ పద్ధతి ఎంచుకున్నా మొదటి రోజు అరచెయ్యంత చోటే. కాలి పిక్క మీదో, మోచేతి కింద లోపలి వైపో అంత మేర చేసి ఇంటికి పంపేది. ఒక్క రోజు ఆగాలి. మంట, దద్దు లేకపోతేనే మిగతా ఒళ్లు. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని అట్లా పంపుతావేమని నేను సణిగేదాన్ని.

"ఏండ్ల సంది ఆగినోళ్లు వదినె, తలుపు దాటంగనే ఇగ ఆగలేరు. ఆ తొందర వాళ్లకుంటే ఉండనీ, మనకు అంటొద్దు."

అక్కడ నాకున్న పని పాకం కాయడం. చక్కెర, నిమ్మరసం, కాసిని నీళ్లు. తేనె రంగు రాగానే దించాలి, ఒక్క నిమిషం దాటితే రాయి. ఆ పదును ఆమెకు చేతకాదు, నాకే చేతనవును. అందుకని సగం పని నాదేనని అనుకున్నాను. గుమ్మం దగ్గర ఏడేళ్లు కూర్చుంటే లోపల జరిగేదంతా వచ్చేసినట్టే అనుకున్నాను. ఈ అహంకారాన్ని సునీత చిన్నదిగా రాస్తుందేమో, పెద్దదిగానే రాయమన్నాను.

పోయిన ఎండాకాలం ఆమెకు రొమ్ములో గడ్డ అన్నారు. మందు ఎక్కించడం మొదలుపెట్టారు. జుట్టంతా రాలింది. పార్లర్ అద్దం ముందు కూర్చుని తల నిమురుకుంటూ, మన దగ్గరికొచ్చిన అందరికన్నా నేనే నున్నగైన, నీ పాకం లేకుంటనే అన్నది. నవ్వమని అన్నది. నాకు నవ్వు రాలేదు. దవాఖానకు పోయే రోజుల్లో నన్ను పార్లర్‌లో కూర్చోమనేది. వచ్చినవాళ్లకు ఇంకో రోజు చెప్పాలి, నేను చెయ్యి పెట్టకూడదు. ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది.

అలాంటి ఒక రోజు మధ్యాహ్నం, ముప్పై ఏళ్లుంటాయేమో, కోస్తా మాట మాట్లాడే ఒకతను వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. సాయంత్రం తనలాంటివాళ్లు నలుగురు కలుస్తున్నారట, తనకు అదే మొదటిసారట, చీర సంచిలోనే ఉందట. రెండు రోజులాగి రమ్మన్నాను. ఇవాళ వెళ్లకపోతే మళ్లీ ధైర్యం రాదండి అన్నాడు. సరే, ప్యాంటు మడవమన్నాను. కాళ్ల మీద వెంట్రుకలు గింజంత లేవు, మొలకల్లా ఉన్నాయి. పాకం అంటదని నాకు తెలుసు. తెలిసింది అంతే. అలా కురచగా ఎందుకున్నాయని అడగలేదు. నిన్న ఏం చేశావని అడగలేదు. అరచెయ్యంత చోట పెట్టి చూడలేదు. అరలోంచి క్రీము తీసి రెండు కాళ్లకూ మడమ నుంచి మోకాలి పైదాకా పూశాను.

కాసేపటికి మండుతోందమ్మా అన్నాడు. నేను అన్న మాట ఇది, మార్చకుండా రాయమన్నాను:

"ఆడదాని లెక్క ఉండాల్నంటే గీ మాత్రం ఓర్చుకోవాలె."

అతను ఓర్చుకున్నాడు. అరిచి ఉంటే తుడిచేసేదాన్ని. పెదవి కొరుక్కుని కూర్చున్నాడు, నేను మర్నాటి కోసం పొయ్యి మీద పెట్టిన పాకం చూసుకోవడానికి లేచాను. వచ్చి తుడిస్తే వెంట్రుకలతో పాటు పైపొర లేచింది. అప్పుడు చెప్పాడు, ముందురోజు గదిలో తానే బ్లేడుతో గీసుకున్నాడట, గీతలు పడి కాళ్లు గరుకైతే భయమేసి ఇక్కడికి వచ్చాడట. బ్లేడు పెట్టిన మర్నాడు క్రీము పూయకూడదని మా ఆడబిడ్డ చెప్పగా నేను వందసార్లు విన్నాను. అతను చీర సంచి పట్టుకుని కుంటుతూ వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం అతను వెళ్లింది దవాఖానకు.

మూడో రోజు అతని అన్న మరో ఇద్దరితో వచ్చి పార్లర్ ముందు నిలబడ్డాడు. తమ్ముడి కాళ్లు కాల్చింది ఎవరని అడిగాడు. సందులో జనం పోగయ్యారు. మా ఆడబిడ్డ తలకు గుడ్డ కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది, అంతకు గంట ముందే నేను జరిగింది చెప్పాను. నేను నోరు తెరవబోతే నా మణికట్టు పట్టుకుని లేచింది.

"నేనే చేసిన. తప్పు నాదే."

వాళ్లు అన్న మాటలు ఇక్కడ రాయించను. అన్నీ నించుని విన్నది. వాళ్లు పోయాక నన్ను రెండే అడిగింది. నిన్న ఏం చేసినవని అడిగినవా? లేదన్నాను. అరచెయ్యంత పెట్టి చూసినవా? లేదన్నాను. ఊఁ అన్నది. నా నేరం నీ మీద ఎందుకు వేసుకున్నావని నేనే గద్దించాను, తప్పు చేసి కూడా గద్దించే మనిషిని నేను.

"నాకు ఎన్నో దినాలు లెవ్వు వదినె. నా మీదికెళ్లి పోనీ. నువ్వు ఇంకా మన చర్చి సందులకెళ్లి నడవాలె."

ఆ తర్వాత చచ్చేదాకా ఆ ఊసెత్తలేదు. కబురు చర్చి దాకా పాకింది, పార్లర్ గది ఓనరు నెల తిరక్కుండా ఖాళీ చేయించాడు. ఆమె మాత్రం రెండు వారాలు, ఒంట్లో ఓపిక లేకపోయినా, ఆటో ఎక్కి అతని హాస్టలుకు పోయి డాక్టరు రాసిన మందు సరిగ్గా పూస్తున్నాడా అని చూసి వచ్చేది. నేను ఒక్కసారి కూడా పోలేదు. మోకాళ్ల నొప్పులని చెప్పాను.

ఆమె భూస్థాపనకు పార్లర్‌కు వచ్చినవాళ్లలో ఒక్కరూ రాలేదు. ఏడేళ్లు వాళ్ల కోసం స్టూలు మీద కూర్చున్నాను, పిరికిపందలు అని తిట్టుకున్నాను. వచ్చినా గుమ్మంలో ఎవరని చెప్పుకుంటారు? ఆ సంగతి తట్టలేదు. తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి, అంతే. వాళ్లకు భయపడటానికి కారణముంది. కూడికలో లేచి వంట గురించి మాట్లాడటానికి నాకు ఏ కారణముంది?

మొన్న ఆదివారం మధ్యాహ్నం, సరిగ్గా రెండింటికి, కాళ్లు కాలినతను ఇంటికి వచ్చాడు. ఆమె ఫోనుకు చేస్తే సునీత ఎత్తి సంగతి చెప్పిందట. మంచినీళ్లు ఇచ్చి, కూడికలో జరిగింది చెప్పాను. 

"ఆసుపత్రిలో పార్లర్ పేరు ఒక్కటే చెప్పాను, అన్నయ్యకు నేనూ నిజం చెప్పలేదండి. పూసింది మీరని మళ్లీ ఆ ఊసెత్తితే, అక్కడికెందుకెళ్లానో కూడా చెప్పాలి కదమ్మా. ఆవిడ నేనే అనేసరికి ఊరుకున్నాను."

అంటే ఇద్దరం కలిసే ఆమె మీద మోపాం. నేను కాగితం రాయిస్తున్నానని, సునీత ఆమె కూతురే కనుక ఇంకో సాక్షి కావాలని చెప్పాను. ఎవరు చదువుతారని అడిగాడు. సంఘమంతా అన్నాను. నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. ఆఫీసు పేరు కాకుండా చీర కట్టుకున్నప్పటి పేరు రాస్తానన్నాడు. ఆ పేరు మా ఆడబిడ్డ ఒక్కతెకే తెలుసట. మందు పూసేటప్పుడు ఆ పేరుతోనే పిలిచేదట.

"ఏ పేరైతే ఏంది బిడ్డా, చూసిన కండ్లు నీవే గద."

కాబట్టి సంఘపెద్దలకు చెబుతున్నాను. ఆ కాళ్లు కాల్చింది నేను. మా ఆడబిడ్డ చేతుల వల్ల ఎవరికీ హాని జరగలేదు. ఆ ప్రార్థన మళ్లీ చేయండి, ఈసారి నా పేరుతో. ప్రభువుకు ముందే తెలుసు. తెలియాల్సింది మీకు.

ఇవాళ సంతకానికి వచ్చి అతను చొక్కా చేతులు మోచేతి దాకా మడిచాడు. చేతుల నిండా నల్లటి వెంట్రుకలు. ఎడమ చేతికి లోపలి వైపు మాత్రం, సరిగ్గా అరచెయ్యంత మేర, ఒక్క వెంట్రుక లేకుండా నున్నగా ఉంది. నేను చూస్తున్నానని గమనించి చెయ్యి దాచుకోలేదు.

"పొద్దున పెట్టి చూశానమ్మా. రేపటిదాకా ఆగుతాను."

ఎస్తేరమ్మ ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
సునీత, పోయినామె కూతురు, రాసింది కూడా తనే
వసంత