కోవూరులో కంప్యూటర్‌ని రుచి చూసిన సంగతి

గుప్పెడు వేరుశనక్కాయలు నమిలి చూడందే మూట దింపించుకోని కొట్టు మాది. ఆ బుద్ధి కంప్యూటర్ దగ్గర కూడా పోలేదు.

కోవూరులో ఒక అక్క పెళ్లి జాకెట్లకు మిషన్ మీద ఎంబ్రాయిడరీ వేస్తుంది. లతలూ పూలూ తానే గీసి కంప్యూటర్లో దాచుకుంటుంది. ఒకరోజు అది నల్లతెర దగ్గరే ఆగిపోయింది. రిపేరు షాపతను ఫార్మాట్ చేయాల్సిందేనన్నాడు. చేస్తే డిజైన్లన్నీ పోతాయి. మా చెల్లెలి జాకెట్ కూలి తగ్గించమని అడగబోయిన నేను ఆమె ముఖం చూసి ఆ మాట మింగేసి, "నేను చూస్తాలేక్కా" అన్నాను. ఫోన్లో రెండు వీడియోలు చూసిన ధైర్యం అది.

కంప్యూటర్‌ని నడపడానికి విండోస్ బదులు వేసుకునే లైనక్స్ ఉచితంగా దొరుకుతుంది. బేరమాడే సుఖం లేదన్నదొక్కటే లోటు. నా ల్యాప్‌టాప్‌లో దాని ఫైలు దించి, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆమె కంప్యూటర్‌కి గుచ్చాను. మొదలవడానికి ఇందులో ఏమీ లేదంది కంప్యూటర్. ఇంకో పోర్టులో గుచ్చినా అదే మాట. తీరా చూస్తే ఆ ఫైలు కుట్టు విప్పని బస్తా. లోపలి సరుకును పెన్‌డ్రైవ్‌లో పరవడానికి వేరే ప్రోగ్రామ్ ఉందట. కొట్లో పుట్టి, బస్తా విప్పకుండా అమ్మబోయాను.

ఈసారి విప్పి గుచ్చాను. తెర వెలిగింది. ఇన్‌స్టాల్ నొక్కగానే హెచ్చరిక వచ్చింది.

"ఏమంటా ఉండాదన్నా?"

"డిస్కులో ఉండేదంతా తుడిచేస్తానంటా ఉందక్కా."

"షాపాయన చెప్పిందీ అదే గదా. దానికి నువ్వెందుకు?"

చెప్పిన మొదటి ధరకే తలూపడం మా వంశంలో లేదు. వెనక్కి వచ్చాను. అప్పుడు కనిపించింది, ఇన్‌స్టాల్ పక్కనే ఇంకో మాట: ముందు వాడి చూడండి. గుప్పెడు శనక్కాయలు.

నొక్కాను. సిస్టమ్ పెన్‌డ్రైవ్ మీదే నడిచింది, డిస్కు జోలికి పోలేదు. ఆ డిస్కును తెరిస్తే ఆమె బొమ్మలు వరుసగా ఉన్నాయి. అక్క కుర్చీ ముందుకు లాక్కుంది.

"ఈ మామిడిపిందె నేను మొదట గీసింది. వంకరగా ఉండాది చూడు. అయినా అందరూ దీన్నే అడుగుతారు."

అన్నిటినీ ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. "ఇప్పుడు ఇన్‌స్టాల్ కొట్టేదా?"

"ఆగు. నా ఫోన్లో గూడా పడనీ."

"నా మీద నమ్మకం లేదా అక్కా?"

"నీ మీద ఉండాది. ఆ పెన్‌డ్రైవ్ నువ్వు ఎంత గీసి గీసి బేరమాడి తెచ్చుంటావో గూడా తెలుసు."

ఫోన్ అందించింది. కూలి సంగతి ఆరోజు ఎత్తలేదు. మర్నాడు ఎత్తాను.