ఓడలో ఎడమ వైపు గది

మా మేనత్త పోయిన వార్త నాకు తాడేపల్లిగూడెంలో ఆవిడ ఇంటి కింద వాటాలో అద్దెకుండే అమ్మాయి ఫోను చేసి చెప్పింది. పొద్దున్నే కాఫీ కలుపుకుని మేడ మీద వరండాలో కుర్చీలో కూర్చున్నారట. ఎనిమిదైనా పాలప్యాకెట్టు మెట్ల మీదే ఉందని ఆ అమ్మాయి పైకి వెళ్లి చూసిందట. గ్లాసులో సగం కాఫీ అలాగే ఉంది. "నిద్రపోతున్నారేమో అనుకున్నానండీ" అని ఆ అమ్మాయి మూడుసార్లు అంది. నేను ఏలూరులో మా వంటింట్లో ఉన్నాను. పక్క గదిలో నాన్న పేపరు చదువుకుంటున్నారు. ఆయనకి మిగిలిన తోబుట్టువు ఆవిడొక్కరే. ఎలా చెప్పాలో తెలియక, ముందు స్టవ్వు ఆపేశాను.

పెద్దకర్మకి వచ్చినవాళ్లంతా ఆవిడ ఉద్యోగం రోజులు తలుచుకున్నారు. అత్తయ్య ఏలూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్లో సగం మందికి ముందు తెలిసింది ఆవిడ గొంతే, మనిషి తర్వాత. రిటైరై ఇన్నేళ్లయినా ఫోను తనంతట తాను పెట్టేవారు కాదు. "ఇంక పెట్టేయమంటారా అండీ?" అని అడిగి, అవతలివాళ్లు సరే అన్నాకే పెట్టేవారు. పదేళ్ల మా అమ్మాయిని కూడా అలాగే అడిగేవారు.

నాకు మాత్రం ఆవిడ మరో అలవాటు గుర్తొస్తుంది. అత్తయ్య ఏదీ ఎంచుకునేవారు కాదు. బస్సెక్కితే అందరూ కూర్చున్నాక మిగిలిన సీట్లో కూర్చునేవారు. బట్టల కొట్లో రెండు చీరలు ముందు పెడితే, కొట్టతను ఏది మడవకుండా వదిలేస్తే అది తీసుకునేవారు. ఎటు కూర్చుంటారత్తయ్యా అంటే, "ఎటైనా ఒకటేనమ్మా" అనేవారు. అదంతా ఆవిడ మంచితనం అనుకుంటూ పెరిగాను. నా పెళ్లిలో మా అమ్మ కూడా నాకు ఆవిడనే చూపించి, అలా సర్దుకుపోవాలి అని చెప్పింది.

రెండేళ్ల కిందట ఓడ ప్రయాణం ఆలోచన నాదే. చెన్నైలో ఎక్కితే సముద్రంలో రెండు రాత్రులుండి విశాఖపట్నంలో దిగుతాం. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాన్న ఇల్లు కదలడం మానేశారు. ఆయన్నీ, అత్తయ్యనీ, మా అమ్మాయినీ తీసుకెళ్దామనుకున్నాను. అత్తయ్య రానంటారని ముందే బతిమాలే మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ ఒక్క మాటలో వస్తానన్నారు. ఫోను పెట్టేముందు మాత్రం, ఓడ చాలా పెద్దదే కదా అని రెండుసార్లు అడిగారు.

గదులు మాట్లాడే రోజుకి మేం తాడేపల్లిగూడెంలో ఆవిడ ఇంట్లోనే ఉన్నాం. ఆదివారం, భోజనాల వేళ. ఏలూరు ట్రావెల్స్ అతను ఫోను చేసి, బాల్కనీ ఉన్న గదులు రెండే మిగిలాయనీ, ఒకటి ఎడమ వైపు, ఇంకొకటి కుడి వైపు అనీ చెప్పాడు. ఓడ ఉత్తరానికి పోతుంది కాబట్టి ఎడమ వైపు నేల ఉంటుంది, కుడి వైపు అంతా సముద్రం, సూర్యోదయం. ఏ గదిలో ఎవరో పేర్లు సాయంత్రం ఐదులోగా చెప్పాలి, లేకపోతే గదులు పోతాయి. నేను మజ్జిగ వడ్డిస్తూ, మామూలుగానే అన్నాను, మీరే చెప్పండత్తయ్యా, మీరు ఏ వైపు, పిల్ల ఏ వైపు అని.

ఆవిడ అన్నంలోంచి చెయ్యి తీసేశారు. తర్వాత లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, ప్రయాణం మానేద్దామన్నారు. ఎందుకంటే చెప్పరు. నాకు చిరాకేసింది. పిల్ల నెల రోజుల నుంచి ఎదురుచూస్తోంది. పోనీ అందరం ఒకే వైపు ఉండే మామూలు గదులు తీసుకుందామా అంటే దానికీ పలకలేదు. మా అమ్మాయిని మేడ కిందకి పంపేసి మళ్లీ అడిగాను. మూడయింది. అత్తయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నాన్న కళ్లజోడు తీసి తుడుస్తున్నారు, పెట్టుకుంటున్నారు, మళ్లీ తీస్తున్నారు. నాలుగింటికి ట్రావెల్స్ అతను ఇంకోసారి ఫోను చేశాడు. ఇంకెవరో అడుగుతున్నారట. అప్పుడు నేను అనకూడని మాట అన్నాను.

"ఎటైనా ఒకటే అంటారు కదా ఎప్పుడూ. ఇదీ అంతే అనుకోండి."

ఆవిడ ఇటు తిరిగారు. "ఒకటి కాదే. ఒకటైతే వాడు బతికుండేవాడు."

నాన్న వెనకాల ఒక తమ్ముడుండేవాడనీ, చిన్నప్పుడే కొల్లేట్లో పోయాడనీ మాకు తెలుసు. అంతకుమించి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు అత్తయ్య చెప్పారు. ఆవిడకి పదమూడేళ్లు, నాన్నకి ఎనిమిది, చిన్నవాడికి ఆరు. కొల్లేటి లంకలో ఉన్న అమ్మమ్మగారింటికి ముగ్గురూ పడవలో బయల్దేరారు. ఎండగా ఉంది. పడవలో ఒక వైపు గొడుగు నీడ పడుతోంది. చిన్నవాడు ఎండకి తాళలేడని నీడ వైపు కూర్చోబెట్టి, నాన్నని ఎండ వైపు కూర్చోమన్నారు. సగం దూరం వెళ్లాక గాలి లేచి, పడవ నీడ వైపుకి ఒరిగి బోల్తా పడింది. పడవాయన ఆవిడనీ నాన్ననీ పట్టుకోగలిగాడు. చిన్నవాడు మర్నాడు దొరికాడు.

"నేనే చూపించాను వాడికి, ఇక్కడ కూర్చో అని," అన్నారు అత్తయ్య. "ఇప్పుడు నీ కూతుర్ని ఏ వైపు పెట్టాలో నన్ను చెప్పమంటున్నావు."

నేను ఆ ఎండ వైపు కూర్చున్న పిల్లాడి కూతుర్ని. ఆ సంగతి నలభై ఏళ్ల వయసులో తెలిసింది నాకు.

నాన్న కళ్లజోడు పక్కన పెట్టేశారు. ఆయన గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు.

"అక్కా, వాడు నువ్వు పెట్టిన చోట లేడు."

అత్తయ్య తలెత్తి ఆయన్ని చూశారు.

"నువ్వు అటు తిరిగి పడవాయనతో మాట్లాడుతున్నావు. వాడు లేచి నా పక్కకొచ్చి కూర్చున్నాడు. నాకు ఇరుగ్గా ఉంది. అక్క చెప్పిన చోటుకి పో అని నేనే తోసి పంపించాను. వాడు వెళ్లి కూర్చున్నాడో లేదో, గాలొచ్చింది."

ఆ మాట చెప్పడానికి ఆయనకి దాదాపు అరవై ఏళ్లు పట్టింది. వారం వారం అక్క ఇంటికి పళ్లు పట్టుకెళ్లేవారు, ఆవిడ రిటైర్మెంటు కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు, ఈ ఒక్క మాట చెప్పలేకపోయారు. ఆవిడ తిడతారేమోనని నేను భయపడ్డాను. తిడితే నాన్న ఆ రోజు తట్టుకోలేరు. ఆవిడ అడిగింది వేరే.

"నీ దగ్గరికెందుకు వచ్చాడురా?"

"కలువపువ్వు తెంపాడు. చూపిద్దామని."

"నవ్వుతున్నాడా?"

"నవ్వుతున్నాడక్కా."

ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నాన్న లేచి ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు. నీ తప్పు లేదని ఆవిడా అనలేదు, క్షమించమని ఈయనా అనలేదు.

ఐదుకి పది నిమిషాలుందనగా ఫోను మోగింది. వద్దని చెప్పేయడానికి తీయబోతుంటే అత్తయ్య చెయ్యి చాపారు. కొంగుతో మొహం తుడుచుకుని ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. వచ్చిన గొంతు ఎక్స్ఛేంజి గొంతు.

"చెప్పండి. రెండు గదులూ ఉంచండి. ఎడమ వైపుది నా పేర రాయండి, నాకు నేల కనబడాలి. మా మేనకోడలు నాతో ఉంటుంది. కుడి వైపుది మా తమ్ముడి పేర. పిల్లా? పిల్ల అటూ ఇటూ తిరుగుతుందండీ, మీరు ఏ గదిలో రాసినా పర్లేదు." కాసేపు విని, "ఇంక పెట్టేయమంటారా?" అన్నారు.

ఆవిడ ఇది కావాలని చెప్పి తీసుకోవడం నేను చూసింది అదే మొదలు. ఆ తర్వాత ఈ రెండేళ్లలో చాలా చూశాను. హోటల్లో పెసరట్టు కావాలని అడిగారు. రైల్లో కిటికీ పక్క సీటు అడిగి కూర్చున్నారు. నాన్నతో మాత్రం ఆ సంగతి మళ్లీ ఎత్తలేదని అనుకుంటాను. ఎత్తినా మేం లేనప్పుడే.

ఓడలో రెండో రోజు మధ్యాహ్నం జరిగింది చెప్పి ముగిస్తాను. పైన డెక్కు మీద కుర్చీల్లో కూర్చున్నాం. కుడి వైపు నీళ్లలో డాల్ఫిన్లు ఎగురుతున్నాయని ఎవరో కేకేశారు. అందరూ ఒక్కసారి లేచి అటు పరుగెత్తారు. మా అమ్మాయీ పరుగెత్తింది, దాని వెనకే నాన్న. అత్తయ్య నా మణికట్టు పట్టుకున్నారు. గాజులు చర్మంలోకి దిగేంత గట్టిగా. ఓడ ఒరుగుతుందా అని గుసగుసగా అడిగారు. ఒరగదత్తయ్యా, చాలా పెద్దది అన్నాను. ఆవిడ జనం వైపే చూస్తున్నారు. వందల మంది, అందరూ ఒకే వైపు, ఆ గుంపులో పిల్ల ఎర్ర గౌను.

చెయ్యి వదిలేసి లేచారు. పిల్ల దగ్గరికి వెళ్తారనుకున్నాను. ఆవిడ దానికి వ్యతిరేకంగా, మనిషన్నవాడు లేని ఎడమ వైపుకి నడిచారు. అక్కడ కటకటాలకి ఆనుకుని, రెండు చేతులతో పై కమ్మీని గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ చేస్తున్నదేమిటో అర్థమవడానికి నాకు కొంచెంసేపు పట్టింది. నాన్నకి పట్టలేదు. ఆయన గుంపులోంచి తల తిప్పి చూసి, డాల్ఫిన్లని వదిలేసి, డెక్కు మొత్తం దాటి వచ్చి అక్క పక్కన నిలబడ్డారు. ఆయన కూడా రెండు చేతులతో పట్టుకున్నారు. మామ్మా, తాతయ్యా, రండి అని పిల్ల పిలుస్తోంది. ఇద్దరూ వెనక్కి తిరగలేదు. గాలికి ఆవిడ కొంగు ఎగిరి ఆయన భుజం మీద పడింది, ఆయన తీయలేదు. అటు చివరి మనిషి కూడా వెనక్కొచ్చి కుర్చీలో కూర్చునేదాకా, ఆ ఇద్దరు ముసలివాళ్లూ ఆ ఖాళీ వైపున అలాగే బరువు మోపి నిలబడ్డారు.