పున్నయ్య దుకాణం ముహూర్తం

ధాన్యం బజారైన గంజ్ రోడ్డులో ఏ బియ్యం వ్యాపారిని అడిగినా పెయింటర్ పున్నయ్య ఎవరో చెప్పేవాడు. ఆ పేరుకు నోరు తిరగనివాళ్ళు మద్రాసీ పెయింటర్ అనేవారు. తుని పక్క పల్లెలో పుట్టినవాడికి మద్రాసుతో ఏం సంబంధమని రాయపూర్‌లో ఎవరూ అడగలేదు. అతనూ చెప్పే ప్రయత్నం చెయ్యలేదు. పిలుపు ఏదైతేనేం, పని వస్తే చాలనుకునే మనిషి.

ఆ రోజుల్లో ప్రతి మిల్లుకూ ఒక మార్కా ఉండేది. ఏనుగో, కమలమో, నెమలో. ఆ బొమ్మను పలచటి రేకులో కోసి, రేకును గోనె సంచి మీద ఆనించి రంగు అద్దేవారు. అక్షరం ముక్క రానివాడు కూడా సంచి చూసి బియ్యం ఎవరివో చెప్పగలిగేవాడు. ఆ బొమ్మలు కొత్తగా ఊహించి గీయడంలో పున్నయ్యది మంచి చెయ్యి. అతని నెమలి నెమలిలాగే ఉండేది. మిగతావాళ్ళ నెమళ్ళలో కొన్ని కోడిపుంజుల్లా ఉండేవని చెప్పక తప్పదు.

అరవై ఒకటిలో అతన్ని రాయపూర్ తీసుకొచ్చినవాడు బంగారయ్య. రైలు పెట్టెల మీద అక్షరాలు రాసే ముసలాయన, దూరపు చుట్టరికంలో మేనమామ వరస. తీసుకొచ్చిన వారంలోనే ఒక మాట చెప్పాడు.

“ఒరేయ్ పున్నయ్యా, రైల్వే కాలనీలో మనోళ్ళు బోలెడుమంది ఉన్నారు. ఆళ్ళతో కూకుంటే కబుర్లొస్తాయిగానీ పనులు రావు. సేఠ్‌ల కాడికి పో. రోజూ కనపడు. కనపడకపోతే మర్చిపోతారు.”

ఈ మాట చెప్పిన బంగారయ్య మాత్రం జీవితమంతా ఆ కాలనీ అరుగుల మీదే కబుర్లాడి, అక్కడివాళ్ళ భుజాల మీదే శ్మశానానికి వెళ్ళాడు. పున్నయ్య ఆయన బతుకును కాక ఆయన మాటను పట్టుకున్నాడు. అదే అతను చేసిన తప్పని నేనంటాను.

ఇక అప్పటినుంచి కాలికి బలపం కట్టుకుని తిరగడమే పని. పొద్దున్నే సైకిలెక్కి గంజ్ అంతా “రామ్ రామ్ సేఠ్‌జీ” అంటూ చుట్టేవాడు. పరుపు వేసిన గద్దె మీద సేఠ్ కూర్చుంటే, ఇతను దాని అంచున ఒదిగి కూర్చునేవాడు. ఏ సేఠ్ చాయ్‌లో అల్లం పడాలో, ఎవరి కొడుక్కి లెక్కలు రావో, ఎవరికి మోకాళ్ళ నొప్పో అతనికి తెలుసు. ఎవరి మిల్లుకైనా రంగుల డబ్బాలు కావాలంటే తానే దగ్గరుండి ఇప్పించేవాడు. దగ్గరి ఊరు తిల్దాలో మిల్లు కడుతున్నారని వింటే రైలెక్కి వెళ్ళి, ఇటుకల మధ్యనే నిలబడి నమస్కారం పెట్టేవాడు. సేఠ్‌ల ఇళ్ళలో పెళ్ళిళ్ళకు వీధిగోడ మీద వినాయకుణ్ణీ ఏనుగుల్నీ ఊరికే రాసిచ్చేవాడు. రాసి, గోడ బయటినుంచే సైకిలెక్కి వచ్చేసేవాడు.

కాలనీ వైపు మాత్రం పోలేదు. స్టేషన్ దగ్గర శేషమ్మ నడిపే భోజనాల హోటల్లో ఎప్పుడైనా నాలుగు మెతుకులు తినడం తప్ప అతనికి తెలుగు మాట వినపడేది కాదు. అక్కడా మూలబల్ల దగ్గర కూర్చుని, తిని, లేచిపోయేవాడు. ఊరినుంచి పెళ్ళి సంబంధాలు రాస్తే, దుకాణం పెట్టాక చూద్దామని జవాబిచ్చేవాడు. కొన్నాళ్ళకు రాసేవాళ్ళే మానేశారు.

డెబ్భై నాలుగులో దుకాణం కుదిరింది. గంజ్ రోడ్డు మీదే, సందు మొగలో, ఒకటే గది. పున్నయ్య ఆ గదిని చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఇన్నేళ్ళూ తాను వాళ్ళ గద్దెల దగ్గరికి వెళ్ళాడు. ఇప్పుడు వాళ్ళు తన గడప తొక్కి, తన చేతి వంట తిని వెళ్ళాలి. అలా ఒక్కసారి జరిగితే తాను వాళ్ళలో ఒకడైనట్టే. అతను కోరుకున్నది అదొక్కటే. ముహూర్తానికి ఉగాది రోజు పెట్టుకున్నాడు. ఇంటింటికీ వెళ్ళి, “దుకాణం ముహూర్తం, తప్పకుండా రావాలి” అని పిలిచాడు. భోజనం సంగతి మాత్రం దాచాడు. వచ్చాక చూసి ఆశ్చర్యపోవాలని అతని సరదా.

ఆ ముందురోజు రంగుల డబ్బాలు తెస్తూ దారిలో శేషమ్మకు ఎదురుపడ్డాడు.

“రేపు కాలనీలో పందిరేత్తన్నారు బాబూ, అందరం అక్కడే. నువ్వు రాకూడదా?” అంది ఆమె.

“నాకెక్కడ తీరుద్ది పిన్నిగారూ. పనుంది” అన్నాడు పున్నయ్య.

తెల్లవారుజామునే లేచి దుకాణం వెనక ఒక్కడే పొయ్యి ముందు కూర్చున్నాడు. పెద్ద గిన్నెనిండా పులిహోర కలిపాడు. గారెలు వేశాడు. విస్తళ్ళు కడిగి బోర్లించాడు. కొత్త చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

అందరూ వచ్చారు. ఒక్కరు కూడా మానలేదు, అది చెప్పాలి. మొదట మిల్లు యజమాని బన్సీలాల్ సేఠ్, తరవాత బట్టల వ్యాపారి, ఆ తరవాత టెంటుసామాను అద్దెకిచ్చే ఆయన. దేవుడి పటానికి దండం పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. గోడమీది బొమ్మలు చూసి మెచ్చుకున్నారు. పున్నయ్య గుండె పొంగిపోయింది. వెనక్కి వెళ్ళి విస్తరి తీసి, దాన్నిండా పులిహోర పెట్టి సేఠ్ ముందుకు తెచ్చాడు.

బన్సీలాల్ రెండు చేతులూ జోడించాడు. “ఆజ్ తో వ్రత్ హై, భాయీ” అన్నాడు.

ఇవాళ ఉపవాసం. చైత్ర నవరాత్రి మొదటిరోజు. ఆ ఇళ్ళలో గింజ ముట్టరు. మన ఉగాదీ వాళ్ళ ఉపవాసమూ ఒకటే రోజు మొదలవుతాయని పదమూడేళ్ళనుంచి ఆ ఊళ్ళో ఉన్నవాడికి తెలియలేదు. తెలియాలంటే ఎవరి ఇంట్లోనైనా వీధిగది దాటి లోపలికి వెళ్ళి ఉండాలి కదా. సేఠ్‌కి అల్లం చాయ్ ఇష్టమని తెలిసినవాడికి ఆయన ఇంట్లో ఏ రోజు పొయ్యి వెలగదో తెలియదు.

“దేవీ నవరాత్రులు నడిచే తొమ్మిది రోజులూ ఇంతే పున్నయ్యా. మనసులో పెట్టుకోకు” అని హిందీలో నచ్చజెప్పి, బన్సీలాల్ నీళ్ళు మాత్రం తాగాడు. గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగి, “అభన్‌పూర్‌లో కొత్త మిల్లు ఎత్తుతున్నాను. మార్కా దగ్గర్నుంచి లారీల మీది రాతలదాకా అన్నీ నువ్వే చెయ్యాలి. రేపే వచ్చెయ్” అన్నాడు. ఏడాది పొడుగునా తిండి పెట్టే పని అది. తక్కినవాళ్ళూ అలాగే నీళ్ళు తాగి, మంచిమాట చెప్పి, వెళ్ళిపోయారు. ఎవరూ అతన్ని అవమానించలేదు. అవమానిస్తే తిట్టుకునేందుకైనా వీలుండేది.

పున్నయ్య గిన్నె ముందు కూర్చున్నాడు. ఇన్నాళ్ళ తిరుగుడుకు ఫలితం దక్కిన రోజది. అయినా ప్రాణం ఉసూరుమంది. ఒక్క ముద్ద చేతిలోకి తీసుకుని, మళ్ళీ గిన్నెలోనే పెట్టేశాడు. లేచి, గిన్నెనూ గారెల గంపనూ రిక్షాలో పెట్టించుకుని రైల్వే కాలనీకి పొమ్మన్నాడు.

అతను వెళ్ళేసరికి పందిరి కింద భోజనాలు అయిపోయాయి. చాపలు దులుపుతున్నారు. పందిరికి కట్టిన గుడ్డమీద ఉగాది శుభాకాంక్షలు అని ఎవరో వంకరటింకరగా రాశారు. తాను తెలుగు అక్షరం రాసి ఎన్నేళ్ళయిందో పున్నయ్యకు గుర్తురాలేదు. పొడుగాటి మనిషి ఒకాయన ఎదురొచ్చి గిన్నె అందుకున్నాడు. వర్క్‌షాపులో ఫిట్టరు, పేరు మల్లేశ్వరరావట.

“తినేశామండీ, అయినా పర్లేదు, రాత్రికి పిల్లలు తింటారు. ఎవరింటికొచ్చారు?”

“ఎవరింటికీ కాదండీ. ఇక్కడ తెలుగోళ్ళున్నారని...”

“మంచి పని చేశారు. ఏం చేస్తుంటారు?”

“బోర్డులు రాస్తానండీ.”

మల్లేశ్వరరావు మొహం విప్పారింది. “అరెరె, మా తెలుగు సంఘానికి బోర్డు రాయించాలని ఎప్పట్నించో వెతుకుతున్నాం. ఈ ఊళ్ళో తెలుగు రాసేవాడు దొరికితేగా. ఊరికి కొత్తా మీరు?”

పదమూడేళ్ళయిందని చెప్పాలి. చెబితే, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని అడుగుతారు.

“అవునండీ. ఈమధ్యే వచ్చాను” అన్నాడు.

ఆ మాట నోరు జారగానే ఇంక అక్కడ నిలబడలేకపోయాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. పనుందంటూ రిక్షా ఎక్కాడు. తొందరలో గిన్నె కూడా అక్కడే వదిలేశాడు. మర్నాడు అభన్‌పూర్ వెళ్ళి మిల్లు మార్కాకు లేడిపిల్లను గీశాడు. అది అందరికీ నచ్చింది. కాలనీకి మళ్ళీ వెళ్ళాలని రోజూ అనుకునేవాడు, కానీ గంజ్ రోడ్డులో అంత పాతకాపువి ఊరికి కొత్తనని ఎలా అన్నావని ఎవరైనా అడిగితే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అలా ఆగిపోయాడు.

నెల తిరిగాక శేషమ్మ హోటల్లో మూలబల్ల దగ్గర తింటున్నాడు. ఆమె మజ్జిగ పోస్తూ అడిగింది.

“ఎవరో కొత్తగా వచ్చిన పెయింటరంట బాబూ. నేను వొంటగిన్నెలు కడిగేకాడ ఉన్నానేమో, చూళ్ళేదు. పండగనాడు కాలనీకి పులిహోర తెచ్చాడంట. గిన్నె ఒగ్గేసి పోయాడు. పేరడగడం మర్చిపోయామని మల్లేశ్వర్రావు ఒకటే గోల. నువ్వెటూ కాలనీకి రావుగానీ, ఆ పనిలోనే ఉన్నావుగా. ఎరుగుదువా?”

“ఎరగను పిన్నిగారూ” అన్నాడు పున్నయ్య, విస్తట్లోకి చూస్తూ.

“పాపం, తెలియని ఊళ్ళో ఒక్కడే ఉన్నాడేమో. ఎక్కడన్నా కనపడితే, భోజనానికి రమ్మన్నారని చెప్పు.”

“చెప్తానండీ” అన్నాడు.