పాలక్క ఫారంలో నేను రాసిన కోడు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఒకటి ఉండొచ్చని నాకెవరూ చెప్పలేదు; చెప్పినా నేను వినే స్థితిలో లేను. ఇరవై రెండేళ్ల వయసు, చిక్కబళ్ళాపురలో చదివిన బీకాం, కర్ణాటకలోనే తెలుగు మాట్లాడే చింతామణిలో ఒక బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం, జేబులో రెండు పెన్నులు (ఒకటి రాయదు, అందానికి). చేరిన మూడు నెలల్లో చుట్టుపక్కల బ్యాంకుల ఐఎఫ్ఎస్‌సీ కోడ్లన్నీ కంఠతా పట్టేశాను. బాగేపల్లికి డబ్బు పంపాలని ఎవరైనా వస్తే పుస్తకం చూడకుండా కోడు చెప్పడమే కాక, అడగకపోయినా వివరించేవాణ్ణి: మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, ఐదోది సున్నా, చివరి ఆరూ ఏ బ్రాంచో చెప్పేవి. ఆ సున్నాను ఇంగ్లీషు ‘ఓ’లా రాసినవాళ్లను నేను చూసిన చూపు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా క్యాషియర్ మామ (చుట్టమేమీ కాదు, రిటైర్మెంటు దగ్గరపడిన పెద్దాయన) నన్ను ‘కోడప్ప’ అని పిలిచేవాడు. మెచ్చుకుంటున్నాడనుకునేవాణ్ణి.

పాలక్క కైవార దగ్గరి పల్లె నుంచి వచ్చేది. రెండావులు పెట్టుకుని డెయిరీకి పాలు పోసేది. ఆమె భర్త గల్ఫ్‌లో లారీ డ్రైవరు. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో అక్కడే గుండె ఆగి చనిపోయాడు. శవం వచ్చింది, కర్మలు ముగిశాయి. ఆ తర్వాత కంపెనీ నుంచి ఒక ఫారం వచ్చింది, ఆయన జీతం బాకీ, పరిహారం ఏ ఖాతాకు పంపాలో రాయమని. కూతురికి చిక్కబళ్ళాపురలో నర్సింగ్ సీటు దొరికింది. ఫీజు కట్టడానికి రెండు నెలల గడువు. “ఈ దుడ్డు వస్తేనే మా పాప కాలేజీలో చేరేది. కొంచెం చూసి రాయప్పా” అంది.

ఫారంలో ‘స్విఫ్ట్ కోడ్’ అని ఉంది, పక్కన పదకొండు గడులు. ఆ పేరుతో నాకు తెలిసింది కారొక్కటే. మూడడుగుల దూరంలో క్యాషియర్ మామ కూర్చునే ఉన్నాడు. అడగలేదు. గడులు పదకొండు, నాకు కంఠతా వచ్చిన మా బ్రాంచి కోడూ పదకొండే. ఒక్కొక్కటే నింపుకుంటూ పోతే చివరి గడికి చివరి అంకె సరిగ్గా సరిపోయింది. అంత చక్కగా అమరినది తప్పెలా అవుతుంది? చివర్లో ‘చనిపోయినవారికి మీరేమవుతారు’ అనే ప్రశ్నను హాలంతా వినబడేలా చదివాను. ఆమె కొంగు తలమీదికి లాక్కుంది. తర్వాత “పెండ్లాన్ని” అని, చూపించిన చోట కన్నడ అక్షరాల్లో సంతకం పెట్టింది.

మూడు వారాలకు ఫారం తిరిగొచ్చింది, కోడు చెల్లదని. సున్నాను వాళ్లు ‘ఓ’ అనుకున్నారని తేల్చేశాను. ఈసారి సున్నాకు అడ్డంగా గీత కొట్టి లావుగా రాశాను (ఎంత తెలివి). ఆ ప్రశ్న మళ్లీ చదివాను, ఆమె మళ్లీ అదే జవాబు చెప్పింది. అదీ తిరిగొచ్చింది. వాళ్ల కంప్యూటర్ చెడిపోయినట్టుందని ఆమెకు చెప్పాను. గడువు ఇంకా ఎనిమిది రోజులుంది.

అప్పుడు క్యాషియర్ మామ లేచొచ్చి నా చేతిలోంచి ఫారం తీసుకున్నాడు. చూసి, గొంతు తగ్గించి, “ఇది మన దేశం లోపల నడిచే కోడప్పా. బయట దేశం నుంచి రావల్లంటే వేరే ఉండాది. బ్యాంకుకు నాలుగు అక్షరాలు, దేశానికి రెండు, ఊరికి రెండు. మన చిన్న బ్రాంచికి అది లేదు. బెంగళూరులో ఫారిన్ పని చూసే బ్రాంచిది రాసి, ఈయమ్మ ఖాతా నంబరు రాయల్ల” అన్నాడు. ఫోన్ చేసి కోడు కనుక్కుని తనే రాశాడు. ఎనిమిది అక్షరాలే. మూడు గడులు ఖాళీగా మిగిలాయే అని నేను అభ్యంతరం చెప్పాను. ఆయన నా వైపొకసారి చూసి, ఆ మూడు గడుల మీద అడ్డంగా గీత కొట్టి ఫారం నా ముందు పెట్టాడు. చివరి ప్రశ్న ఈసారి నేను చదవలేదు, జవాబు నేనే రాసేశాను.

డబ్బు వచ్చింది, గడువు దాటిన పందొమ్మిది రోజులకు. సీటు అప్పటికే ఇంకెవరికో పోయింది. ఆ ఏడంతా ఆ పిల్ల చింతామణి టమాటా మండీలో పనిచేసింది. మండీ నేను బ్యాంకుకు నడిచే దారిలోనే ఉంది. తలకు గుడ్డ కట్టుకుని, కుప్ప ముందు కూర్చుని, చెడ్డకాయల్ని పక్కకు విసిరి, నిండిన పెట్టెల్ని లారీ దగ్గరికి మోస్తుండగా ఒకరోజు చూశాను. మర్నాటి నుంచి మైలున్నర చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. చిక్కిపోయాను. మా అమ్మ మొదట షుగరేమో అనుకుంది, తర్వాత ప్రేమేమో అనుకుని నా జాతకం మేనమామకు పంపింది. నేనేదీ కాదనలేదు.

మరుసటేడు కూతురికి మళ్లీ సీటు దొరికితే, ఫీజు పంపడానికి పాలక్క వచ్చింది. కాలేజీ ఖాతా కోడు ఒక్కో అక్షరం వేలు పెట్టి చూసుకుంటూ రాశాను. రసీదు ఇచ్చాక ఇక నావల్ల కాలేదు. పోయినేడు ఫారంలో తప్పు రాసింది నేనేననీ, ఏ కంప్యూటరూ చెడిపోలేదనీ చెప్పేశాను. ఆమె రసీదు నాలుగు మడతలు పెట్టింది.

“తెలుసప్పా. ఆ పొద్దే క్యాషియరప్ప మొగం చూస్తే తెలిసిపాయె. నువ్వు చెప్తావేమో అని ఏడాదిగా చూస్తాండాను.”

ఫరవాలేదు అంటుందేమోనని నిలబడ్డాను. అనలేదు. “పాపకు గూడా నువ్వే చెప్పు. బయట బస్సు కాడ ఉండాది” అంది.

వెళ్లి చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు గానీ, సున్నా సంగతి కూడా వివరించినట్టు గుర్తు. ఆ పిల్ల చివరిదాకా విని, “టమాటా పెట్టె పదహైదు కేజీలు ఉంటాది సార్” అని బస్సెక్కింది.

ఇప్పుడు బాగేపల్లిలో ఆఫీసర్ని. వచ్చే ఫారాల్లో సగం నాకు అర్థం కావు. “నాకు తెలీదు, కనుక్కుని చెప్తాను, కూర్చోమ్మా” అంటాను, ఏ ఇబ్బందీ లేకుండా. ఆ బస్సు మలుపు తిరిగేదాకా, చెయ్యి సగం ఎత్తి, ఊపాలో దించాలో తేల్చుకోలేక రోడ్డు మీద నిలబడిపోయిన ఆనాటి కోడప్ప తలపుకొస్తే మాత్రం నవ్వొస్తుంది. పాపం, తనకు తెలియనిది ఒకటుందని వాడికి మొదటిసారి తెలిసింది.