అయోమయంగా ఉందండీ

కరోనా సద్దుమణిగాక వచ్చిన మొదటి మిరపకోతల కాలం అది. గుంటూరులో నల్లపాడు వెళ్ళే దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఎమర్జెన్సీ వార్డులో నేను స్టాఫ్ నర్సుని.

మా వార్డులో తరచుగా వినపడే మాట ‘అయోమయం’. షుగర్ పడిపోయినవాడికీ అయోమయమే, డాక్టరుగారి ఇంగ్లీషు అర్థం కానివాడికీ అయోమయమే. బిల్లు కౌంటరు ఎటో తెలియక మెట్ల దగ్గర నిలబడ్డవాణ్ణి కదిపినా అదే మాట. పత్తి ధర గురించీ, పిల్లల పరీక్ష పేపరు గురించీ కూడా మనవాళ్ళు అదే అంటారు. అన్నిటికీ వాడి వాడి, నిజంగా భయపడాల్సిన చోట ఆ మాట వింటే ఎవరూ ఉలిక్కిపడరు.

ఆ సాయంత్రం వినుకొండ వైపు నుంచి కోటేశ్వరమ్మ అనే ఆవిడను కారులో తీసుకొచ్చారు. యాభై దాటిన మనిషి. వెంట భర్త ఆంజనేయులుగారు, ఆయన చెల్లెలు ఉన్నారు. కాళ్ళూ చేతులూ బాగానే ఆడుతున్నాయి. ఆవిడ నడిచే లోపలికి వచ్చింది.

“పెద్దగా ఏం లేదు సిస్టరమ్మా, కాస్త అయోమయంగా ఉంది. ఎండదెబ్బేమో, ఒక సెలైన్ ఎక్కించండి” అన్నారు ఆంజనేయులుగారు. వైద్యం కూడా ఆయనే చెప్పేశారు!

సెలైన్ సంగతి తర్వాత, ముందు ఓరియంటేషన్ చూడాలి. అంటే తానెవరో, ఎక్కడుందో, ఎదుట ఎవరున్నారో మనిషికి తెలుస్తోందా లేదా అని.

“ఈయన పేరు చెప్పమ్మా.”

ఆవిడ తల వంచుకుంది. ఆడపడుచు నవ్వేసింది. “మొగుడి పేరు ఎట్టా చెప్పిద్దమ్మా? పెళ్ళయిన కాణ్ణుంచీ మా వదిన నోట ఆ పేరు రాలా.”

నాకూ నవ్వొచ్చింది. మా అమ్మా అంతే, రేషన్ కార్డువాళ్ళు అడిగితే నాన్న పేరు పక్కింటావిడ చేత చెప్పించేది. “పోనీ, మీ అమ్మాయి పేరు?” అన్నాను.

కోటేశ్వరమ్మ తలెత్తింది. ఏదో అనబోయి ఆగింది. మళ్ళీ ప్రయత్నించింది, మాట రాలేదు. ఆ కళ్ళలో సిగ్గు లేదు, భయం ఉంది. ఆడపడుచు నవ్వు ఆగిపోయింది. “శ్రీలక్ష్మి గదా వదినా, మన శ్రీలక్ష్మి!” అంటూ భుజం పట్టి కుదిపింది.

నేను డాక్టరుగారి కోసం పరుగెత్తాను. స్ట్రోక్ అది. మెదడులో మాటలు పుట్టే చోటికి రక్తం అందడం లేదు. అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది కానీ, జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అందుకే ముందు ‘లాస్ట్ నోన్ వెల్’ అడుగుతాం, అంటే మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడని. “పొద్దున బాగానే ఉంది” అన్నారు ఆంజనేయులుగారు. బయట అప్పటికే వీధి దీపాలు వెలుగుతున్నాయి. స్కాన్ చూసి డాక్టరుగారు ఇక ఇంజెక్షన్ ఇవ్వలేమన్నారు. ఆవిడ ప్రాణానికి భయం లేదు గానీ, మాట వచ్చేది అనుమానమేనని చెప్పారు.

మర్నాడు మంచం పక్కన కూర్చుని ఆంజనేయులుగారు నాతో చెప్పారు. “ఇన్నేళ్ళుగా మిరపకాయల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరే చెయ్యమ్మా అది. నిన్న పొద్దున కల్లంలో, ఏరిన తాలు తెచ్చి మళ్ళీ మంచి కాయల్లోనే పోసింది. కూలోళ్ళ ముందే నానా మాటలన్నా. ఇంట్లోకెళ్ళి కూర్చుంది, ఇంక పలకలా. అలిగిందనుకున్నా. మజ్జిగ తెచ్చిచ్చా, పకోడీలు తెప్పించా. మా చెల్లెలు వచ్చిందాకా బతిమాలతానే కూర్చున్నానమ్మా.”

అంత ప్రేమగా బతిమాలుతూ ఉండగానే ఆ గంటలు గడిచిపోయాయి. కోప్పడి ఆసుపత్రికి ఈడ్చుకొచ్చినా బాగుండేదని ఇప్పటికీ బాధపడతాను. ఎవరైనా అయోమయంగా ఉందంటే ఇప్పుడు నేను ఆ మాట దగ్గర ఆగిపోను. ఎప్పుడూ చేయని పని ఏం చేశారు, చేతనైన పని ఏది తప్పారు అని ఇంటివాళ్ళను గుచ్చి గుచ్చి అడుగుతాను. విసుక్కుంటారు, విసుక్కోనీ.

డిశ్చార్జి రోజున ఆంజనేయులుగారు భార్య కాళ్ళకు చెప్పులు తొడుగుతూ, వార్డులో ఎవరున్నారో కూడా చూసుకోకుండా, “ఒక్కసారి నన్ను తిట్టవే” అన్నారు. ఆవిడ చేత్తో ఆయన తల నిమిరింది.