కెప్టెన్ గారి ఇత్తడి బిరడా

ఆ రోజుల్లో కాలేజీ సీటు తేలిగ్గానే దొరికేది, కాస్త తంటాలు పడితే వీసా కూడా దొరికేది. కిటికీ ఉన్న గది మాత్రం దొరికేది కాదు. మా బ్యాచ్‌లో విమానం దిగినవాళ్ళమంతా తిన్నగా కెనడాలోని మిస్సిసాగా ఇళ్ళ కింద బేస్‌మెంట్లలోకి దిగిపోయాం. నేనున్న దాంట్లో ఏడుగురు అమ్మాయిలం, ఒకటే బాత్రూం. దాని తలుపు మీద టైంటేబుల్ అంటించి ఉండేది. నా వంతు ఉదయం అయిదూ నలభై నుంచి అయిదూ యాభై రెండు వరకు. (ఆ పన్నెండు నిమిషాల్లో తలంటుకోవడం కూడా నేర్చుకున్నాను. ఇప్పటికీ మా ఆయన "అప్పుడే అయిపోయిందా?" అని అనుమానంగా చూస్తారు.) బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో ఫోన్‌లో చూసి తెలుసుకునేవాళ్ళం. అలాంటి రోజుల్లో, నేను పార్ట్‌టైం చేసే వేర్‌హౌస్‌లో ఒకావిడ, "మా వీధిలో తెలుగువాళ్ళున్నారు. బేస్‌మెంట్‌లో ఒక్క గది, ఒక్క అమ్మాయికే ఇస్తారట. కిటికీ కూడా ఉందట" అంది. నేను ఆ శనివారమే రెండు బస్సులు మారి వాళ్ళింటికి పరిగెత్తాను.

అంకుల్ హైదరాబాద్ మనిషి. అమెరికాలో పదేళ్ళు సాఫ్ట్‌వేర్ చేసి ఇటు వచ్చారు. ఆంటీది గుంటూరు వైపు. గది చూపించారు. నిజంగానే కిటికీ ఉంది. అందులోంచి గడ్డీ, పక్కింటివాళ్ళ పిల్లీ కనబడుతున్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనయింది. కానీ ఆంటీ ముందే చెప్పేశారు: "మా పిన్ని కూతురు సెప్టెంబర్ ఇన్‌టేక్‌కి వస్తోందమ్మా. దానికే ఇవ్వాలని ఉంది. అప్పటిదాకా ఎవరికో ఇచ్చి మళ్ళీ ఖాళీ చెయ్యమనడం ఎందుకులే అని ఆలోచిస్తున్నా." అయిపోయింది, మళ్ళీ ఏడుగురిలోకే అనుకుంటూ చెప్పులేసుకుంటున్నాను. అప్పుడు అంకుల్ మర్యాద కోసం, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగారు. గోదావరి లంకల్లో అని చెప్పాను. ఆయన కూర్చున్నవారల్లా లేచి నిలబడ్డారు.

"అయితే బోట్లు తెలుసా నీకు?"

కిటికీ వంక ఒకసారి చూశాను. పిల్లి ఇంకా అక్కడే ఉంది. "తెలుసా ఏంటి అంకుల్! మా మావయ్యకి ఇంజిన్ పడవ ఉంది. దాంట్లోనే పెరిగాన్నేను."

(మావయ్యకు ఇంజిన్ పడవ ఉన్నమాట నిజం. అందులో నేను పెరిగింది మొత్తం మీద ఆరు ప్రయాణాలు. నాలుగింట్లో వాంతులు చేసుకున్నాను. మిగతా రెండింట్లో, పడవ అడుగున ఊరే నీళ్ళను రేకు డబ్బాతో తోడిపోసే ఉద్యోగం నాకిచ్చారు.)

"దేవుడే పంపించిండు నిన్ను!" అని అంకుల్ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళారు. నీలం పట్టా తీస్తే కింద ట్రైలర్ మీద పదహారడుగుల అల్యూమినియం పడవ, దాని వెనకాల నల్లటి మోటారు. చలికాలం ముందు ఎవరో ముసలాయన అమ్ముతుంటే ముచ్చటపడి కొనేశారట. పడవ నడపడానికి కావలసిన కార్డు కోసం ఆన్‌లైన్‌లో పరీక్ష రాసి పాసయ్యారు కూడా. మోటారు మూత తియ్యడానికి మాత్రం ఇంకా ధైర్యం చాలలేదు. "నువ్వుంటే నాకేం పరేషాన్ లేదు కెప్టెన్, రేపే వచ్చెయ్" అన్నారు. ఆంటీ మాత్రం నన్ను తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయారు.

అలా ఒక అబద్ధం మీద కాపురం పెట్టాను. పడవ తేలినంతకాలం గది నాది. అది మునిగితే గదీ మునుగుతుంది, సెప్టెంబర్‌లో పిన్ని కూతురు తేలుతుంది. ఇంత స్పష్టంగా నా జీవితంలో మళ్ళీ ఏదీ అర్థం కాలేదు. ఇక చూడండి నా చదువు! కాలేజీలో సప్లై చెయిన్ పాఠాలు అటకెక్కాయి. వేర్‌హౌస్‌కి వెళ్ళే బస్సులో పోనూ రానూ పడవ మోటార్ల వీడియోలే. మోటారు అడుగు భాగంలో గేర్ల కోసం వేరే నూనె ఉంటుందనీ, స్క్రూ తీసినప్పుడు అది మజ్జిగలా తెల్లగా వస్తే లోపలికి నీళ్ళు దూరినట్టనీ తెలుసుకున్నాను. మాది నల్లగానే వచ్చింది. నాకేదో రిపోర్టు నార్మల్ వచ్చినంత ఆనందం కలిగింది. పోయినేటి పెట్రోలు పారబోయించాను, స్పార్క్ ప్లగ్గులు మార్పించాను. అన్నిటికంటే ముఖ్యమైనది, నీళ్ళు లేకుండా ఈ మోటార్ని ఒక్క నిమిషం కూడా నడపకూడదు. నీళ్ళే దాన్ని చల్లబరుస్తాయి. ఇంటి దగ్గర పరీక్షించాలంటే రెండు రబ్బరు కప్పులు దాని బుగ్గలకు తగిలించి, తోటకు నీళ్ళు పెట్టే పైపు కలిపి, అప్పుడు తాడు లాగాలి. పక్కనున్న బుల్లి కన్నంలోంచి నీటి ధార చిమ్మితే అంతా క్షేమం. ఇదంతా మోటారు మూత వెనకాల ఫోన్ దాచుకుని, రెండు నిమిషాలకోసారి వీడియో ఆపుకుంటూ చేశాను. ధార చిమ్మగానే అంకుల్ చప్పట్లు కొట్టారు. నేను ఇదంతా మాకు మామూలే అన్నట్టు చేతులు తుడుచుకున్నాను. వంటింటి కిటికీలోంచి ఆంటీ చూస్తూనే ఉన్నారు.

మే నెలలో లాంగ్ వీకెండ్ వచ్చింది, ముహూర్తం కుదిరింది. శనివారం పొద్దున్నే ఆంటీ డ్రైవ్‌వేలో వాహనపూజకు దిగారు. పడవకు బొట్లు, మోటారుకు దండ, ట్రైలర్ చక్రాల కింద నిమ్మకాయలు. పూజకోసం ఏ భాగాలు ముఖ్యమో చెప్పమన్నారు. నాకు అదొక అవకాశంలా కనిపించింది. పడవ వెనకాల అడుగున, నీళ్ళు బయటికి పోవడానికి ఒక కన్నం ఉంటుంది. దానికొక ఇత్తడి బిరడా. బయట నిలిపినప్పుడు వాన నీళ్ళు నిలవకుండా దాన్ని తీసి ఉంచాలి, సరస్సులోకి దించేముందు తప్పకుండా బిగించాలి. అప్పటికది నా జేబులోనే ఉంది. తీసి ఆంటీ అరచేతిలో పెట్టి, గొంతు తగ్గించి, "చూడ్డానికి ఇంతే గానీ ఆంటీ, పడవ ప్రాణమంతా ఇందులోనే ఉంది" అన్నాను. ఆంటీ మొదటిసారి నన్ను కాస్త గౌరవంగా చూశారు. ఆ చూపుతో నా కళ్ళు నెత్తికెక్కి, దాన్ని తిరిగి తీసుకోవాలన్న సంగతే మర్చిపోయాను.

దారిలో నా కెప్టెన్‌గిరీకి అడ్డే లేకపోయింది. కారు వెనక ఇనప గుండు మీద ట్రైలర్ సరిగ్గా కూర్చుందో లేదో పైకి ఎత్తి చూపించాను. గొలుసులు ఒకదాని మీదొకటి అడ్డంగా వచ్చేలా మార్చి తగిలించాను. పొరపాటున ట్రైలర్ ఊడినా దాని ముక్కు రోడ్డుకు తగలకుండా ఆ గొలుసులే ఊయలలా పట్టుకుంటాయి. దారిలో ఒకసారి ఆపించి చక్రాలు వేడెక్కాయేమోనని చెయ్యి పెట్టి కూడా చూశాను. సరస్సు దగ్గర మాత్రం అంకుల్ పరీక్ష మొదలైంది. ట్రైలర్ని రివర్స్ చెయ్యాలంటే స్టీరింగ్ ఎటు తిప్పితే పడవ దానికి ఎదురుదిక్కుకు పోతుంది. ఆయన కుడికి తిప్పితే పడవ ఎడమకు, ఎడమకు తిప్పితే కుడికి. వెనకాల తొమ్మిది ట్రక్కులు వరసగా ఆగిపోయాయి. "చెయ్యి స్టీరింగ్ కింది భాగంలో పెట్టండి అంకుల్, పడవ ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి!" అని వీడియోలో విన్నది అరిచాను. వింతేమిటంటే అది పనిచేసింది. ఏడోసారికి పడవ నీళ్ళలోకి దిగింది. అంకుల్ కారు పక్కన పెట్టి లైఫ్ జాకెట్ బిగించుకుని వచ్చి ఎక్కారు. నేనూ ఎక్కాను. ఆంటీ చెక్కవంతెన మీద నిలబడి, పులిహోర డబ్బా మాకందించి, ఫోటో తీయడానికి సిద్ధమయ్యారు.

"కెప్టెన్, కింద నీళ్ళొస్తున్నట్టున్నాయి?" అన్నారు అంకుల్.

చూశాను. నిజమే, మడమల దాకా ఉన్నాయి. ఇక్కడ నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాకు కొంచెం కూడా కంగారు పుట్టలేదు! నాకు తెలిసిన ఒకే ఒక్క పడవలో ఎప్పుడూ నీళ్ళుండేవి. చెక్క సందుల్లోంచి ఊరేవి, తోడేవాళ్ళం, పడవ పోయేది. పడవ అంటేనే నీళ్ళుంటాయనే నమ్మకం నాది. "అవి మామూలే అంకుల్, అడుగున ఆమాత్రం నీళ్ళు లేకపోతే ఎలా?" అని పెద్దరికంగా చెప్పి, పొద్దుటి నుంచి పడవలోనే ఉండిపోయిన పూజ చెంబు తీసుకుని తోడడం మొదలుపెట్టాను. అసలు ఈ పడవలో నాకు నిజంగా వచ్చిన పని ఇదొక్కటే కదా, ఎంత హుషారుగా తోడానో! అంకుల్‌కి కూడా ఒక గిన్నె ఇచ్చాను. ఇద్దరం తోడుతున్నాం, నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. పులిహోర డబ్బా లేచి నా ముందునుంచి తేలుకుంటూ వెళ్ళింది. అది చూశాక మొదటిసారి తోడడం ఆపాను.

పక్క వరసలో పడవ దించుకుంటున్న ఒక గడ్డం పెద్దాయన మావైపు చూసి, "ప్లగ్! ప్లగ్!" అని కేకలు పెట్టాడు.

నేను జేబు తడుముకున్నాను. అంకుల్ తన జేబు తడుముకున్నారు. ఇద్దరం వంతెన వైపు తిరిగాం. "ఆంటీ, పొద్దున మీకిచ్చిన ఇత్తడిది ఎక్కడుంది?"

"ఎక్కడుంటుందే? దేవుడి గదిలో ఉంది! పడవ ప్రాణం అన్నావుగా? చింతపండు పెట్టి తోమి, కుంకుమ పెట్టి, స్వామి పాదాల దగ్గర భద్రంగా పెట్టి వచ్చాను!" ఆంటీ గొంతులో గర్వం ఇంకా చల్లారలేదు.

గడ్డం పెద్దాయన, ఇంకో ఇద్దరు ట్రక్కులవాళ్ళు నీళ్ళలోకి దిగి, పడవను మళ్ళీ ట్రైలర్ మీదకు లాగారు. గట్టెక్కాక ఆ కన్నంలోంచి నీళ్ళు ధారగా పావుగంట పోయాయి. తొమ్మిది ట్రక్కులు పదమూడయ్యాయి. అందరూ ఓపిగ్గా చూస్తున్నారు. తిట్టినా బాగుండేది. అంకుల్ తడి ప్యాంటుతో నిలబడి, "ఇప్పుడేం చెయ్యాలి కెప్టెన్?" అని అడిగారు. ఆ గొంతులో నా మీద నమ్మకం చుక్క కూడా తగ్గలేదు. అదే నన్ను చంపేసింది. "అంకుల్, నాకు పడవలు రావు. మా మావయ్య పడవలో నేను వాంతులు చేసుకునేదాన్ని, నీళ్ళు తోడేదాన్ని, అంతే. గది కోసం అబద్ధం చెప్పాను. కిటికీ ఉందని. నెలాఖరుకి ఖాళీ చేసేస్తాను" అని ఏడ్చేశాను. పెద్దాయనకు తెలుగు రాకపోయినా ఏదో అర్థమైనట్టుంది. తన పనిముట్ల పెట్టెలోంచి ఒక బిరడా తీసి, కన్నానికి సరిపోతుందో లేదో చూసి బిగించి, ఉంచుకోమని చేత్తో సైగ చేసి వెళ్ళిపోయాడు.

ఆంటీయే మాట్లాడారు. "రావని నాకు తెలియదా? పెరట్లో ఫోన్ దాచుకుని రెండు నిమిషాలకోసారి వీడియో ఆపుతుంటే వంటింట్లోంచి నేను చూళ్ళేదనుకున్నావా?"

"మరి చెప్పలేదేం?" అంకుల్ ఆవిడ మీదకు తిరిగారు.

"ఎందుకు చెప్పాలండీ? మీరు ఏదీ చూడకుండా చేస్తారు. ఈ పిల్ల పని రాకపోయినా చూసి చేస్తోంది. మీరొక్కరే ఈ పడవెక్కి పోతారేమోనని నాకు గుండె దడ. పక్కన చూసి చేసేవాళ్ళు ఒకరుంటే నయమనుకున్నా." తరువాత నావైపు తిరిగి, "కళ్ళు తుడుచుకో. మా పిన్ని కూతురొస్తే ఆ గదిలోనే ఇంకో మంచం వేద్దాం. కిటికీ వైపు నీదే. ఇంక అబద్ధాలు మాత్రం చెప్పకు, నువ్వు చెప్పలేవు" అన్నారు. నేను తలూపాను. ఆ రోజు మళ్ళీ పడవ దించాం. మొదటి లాగుకే మోటారు అందుకుంది, పక్కనుంచి నీటి ధార చిమ్మింది. సరస్సు మధ్యకు చేరేసరికి నాకు వాంతి అయింది. అంకుల్ మోటారు ఆపి, నా వీపు నిమిరి, "పోనీలే, ఇదైనా నిజమే చెప్పినవ్" అన్నారు.

ఆ ఇంట్లో మూడేళ్ళున్నాను. ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ కార్డు, ఉద్యోగం, పెళ్ళి వచ్చి నన్ను వాంకూవర్‌కు ఈడ్చుకుపోయాయి. ప్రతి మేలో సరస్సు దగ్గర్నుంచి అంకుల్ ఫోన్ చేసేవారు. హలో కూడా లేకుండా, "కెప్టెన్, ఎక్కేముందు ఏంటి?" అనేవారు. "ప్లగ్ అంకుల్" అనేదాన్ని. పోయినేడాది మోకాళ్ళ నొప్పులని పడవ అమ్మేశారు. ఈ మేలో ఫోన్ రాదనుకున్నాను, వచ్చింది. ఈసారి ఆంటీ. "పడవతో పాటు అన్నీ ఇచ్చేశామే, ఆ పెద్దాయన బిరడాతో సహా. నీది మాత్రం ఇక్కడే ఉంది, స్వామి దగ్గర. శుక్రవారం శుక్రవారం దానిక్కూడా కుంకుమ పెడుతున్నా. తీసేద్దామంటే ఈయన ఒప్పుకోవడం లేదు, కెప్టెన్ది అంటారు" అన్నారు. సరేనని ఫోన్ పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను. మా ఇంటికిప్పుడు పదకొండు కిటికీలు. అన్నిట్లోంచీ బయటికి చూశాను. ఒక్కదాంట్లోనూ ఆ పిల్లి కనబడలేదు.