ఆఖరి శత్రువు, కంపెనీ బస్సు

అనకాపల్లి బస్టాపులో కూర్చుని ఫోన్‌లో కాల్పుల ఆట ఆడుతుంటే, అచ్యుతాపురం కంపెనీ యూనిఫాంలో ఉన్న పక్కతను ఉండబట్టలేకపోయాడు.

"నిలబడి కాలుత్తన్నావేటి బావా? గోడ సాటుకెళ్లు!"

రోజూ అందరికంటే ముందు నేనే చస్తున్నానని చెప్పి, అతను చెప్పినట్టల్లా ఆడాను. ఈసారి ఆఖరి ఇద్దరిలోకి వచ్చాను. అప్పుడే అతని కంపెనీ బస్సు వచ్చి ఆగింది. నా ఫోన్‌లో మునిగిపోయిన అతను చూడలేదు. నేను చూశాను. చెబితే గురువు లేచిపోతాడని చెప్పలేదు.

నాకు తెరమీద బొమ్మ కప్పు దక్కింది. బస్సు వెళ్లిపోయింది.

"ఈయేల డ్యూటీ పోయినట్టే. బస్సొచ్చింది నువ్వు సూసేవేటి?"

"లేదు బావా."

అతను జాలిగా నా భుజం తట్టాడు.

"అందుకే రోజూ సత్తన్నావు. ఆటలో సుట్టూ సూసుకోవాల."